ఒక్క ఆక్సిజన్ తేడాతో డీఎన్‌ఏ నీలంగా, ఆర్‌ఎన్‌ఏ ఆకుపచ్చగా ఎందుకు మారుతాయి?

ప్రశ్న: బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

అందరికీ నమస్కారం. మొన్న మా ప్రయోగశాలలో, డీఎన్‌ఏను రంగుతో గుర్తించే డైఫినైలమైన్ పరీక్ష చేశాము. ఒకే కారకాన్ని కలిపి, మరిగే నీటిలో 10 నిమిషాలు ఉంచిన రెండు పరీక్షనాళికల్లో డీఎన్‌ఏ ఉన్నది నీలంగా మారింది, ఆర్‌ఎన్‌ఏ ఉన్నది లేత ఆకుపచ్చగానే మిగిలింది. ఆర్‌ఎన్‌ఏలోని రైబోజ్‌లో 5 ఆక్సిజన్ పరమాణువులు ఉంటే డీఎన్‌ఏలోని డీఆక్సీరైబోజ్‌లో 4 ఉంటాయి, మిగతాదంతా ఒకటే. ఆ ఒక్కటి లేకపోతేనే ఇంత తేడా వస్తుందా? పైగా కార్బన్‌కు ఒక నీటి అణువు చొప్పున ఉండాలన్న పాత కార్బోహైడ్రేట్ సూత్రం డీఆక్సీరైబోజ్‌కు సరిపోవడం లేదు. అయినా దీన్ని చక్కెర అనవచ్చా?

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, కరీంనగర్

తప్పకుండా అనవచ్చు, అమ్మా. ఆ సూత్రం చక్కెరలకు పేరు పెట్టిన తొలినాళ్లది. ఆల్డిహైడ్ సమూహమూ, పలు హైడ్రాక్సిల్ (OH) సమూహాలూ ఉన్నందున ఇది చక్కెరే. జీవరసాయన శాస్త్రవేత్త ఫీబస్ లెవీన్ 1909లో రైబోజ్‌ను గుర్తించినా, డీఆక్సీరైబోజ్‌ను తేల్చడానికి 1929 వరకు పట్టింది.

ఇక అసలు తేడా చక్కెరలోని రెండో కార్బన్ దగ్గర ఉంది. ఆర్‌ఎన్‌ఏలో అక్కడుండే హైడ్రాక్సిల్, క్షారం తగిలినప్పుడు హైడ్రోజన్‌ను కోల్పోయి, పక్కనే ఉన్న ఫాస్ఫేట్‌పై దాడి చేసి, గొలుసును తానే తెంచేస్తుంది. అందుకే 37 డిగ్రీల దగ్గర పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఒక రాత్రి ఉంచితే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది, డీఎన్‌ఏ పోగులు మాత్రం విడిపోయినా తెగవు. తరతరాలకు అందవలసిన సమాచారం డీఆక్సీరైబోజ్ మీద నిలవడంలోని ఔచిత్యం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

విద్యార్థిని

ధన్యవాదాలు సార్. అయితే మేము వాడిన కారకంలో క్షారం లేదు, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నాయి. ఆమ్లంలో కూడా డీఎన్‌ఏనే గట్టిదా?

జవాబు: జీవరసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థి, వరంగల్

లేదు, అక్కడ కథ తలకిందులవుతుంది. రెండో కార్బన్ మీది హైడ్రాక్సిల్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కోవడం వల్ల, ఆర్‌ఎన్‌ఏలో చక్కెరకూ, దానికి అంటుకుని ఉండే నత్రజని క్షారకానికీ (అడెనిన్ వంటి జన్యు అక్షరానికీ) మధ్య బంధం ఆమ్లంలో అంత తేలికగా విడిపోదు. డీఎన్‌ఏలో ఆ పట్టు లేనందున అడెనిన్, గ్వానిన్ అనే ప్యూరిన్లు సులువుగా రాలిపోతాయి. మన శరీరంలోని ఒక్కో కణంలోనే రోజుకు సుమారు 10,000 ప్యూరిన్లు ఇలా రాలుతాయని అంచనా. ఇలాంటి నష్టాన్ని కణం ఎలా సరిచేసుకుంటుందో వివరించినందుకే టోమస్ లిండాల్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది.

మీ పరీక్షలో జరిగిందీ ఇదే. ప్యూరిన్ రాలిన చోట బయటపడిన డీఆక్సీరైబోజ్ వేడి ఆమ్లంలో ఒక ఆల్డిహైడ్‌గా మారి, డైఫినైలమైన్‌తో కలిసి, సుమారు 595 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే నీలి పదార్థాన్ని ఇస్తుంది. రైబోజ్ ఈ దారిలో నడవదు.

ఒక జాగ్రత్త చెప్పాలి: సైటోసిన్, థైమిన్ అనే పిరిమిడిన్లకు అంటుకున్న చక్కెర ఈ పరీక్షలో దాదాపుగా స్పందించదు. కాబట్టి రంగును బట్టి డీఎన్‌ఏ పరిమాణం లెక్కించేటప్పుడు, ప్రామాణిక రేఖను (రంగుకూ పరిమాణానికీ సంబంధం చూపే గీతను) విడి డీఆక్సీరైబోజ్‌తో కాకుండా, పరిమాణం తెలిసిన డీఎన్‌ఏతోనే గీయండి.