ముందు బంపర్ రిపేర్ అయ్యాక ఏసీ సరిగ్గా పనిచేయట్లేదు, ఎవరికైనా ఇలా అయ్యిందా?

బెజవాడబాబు:
ముందు వెళ్తున్న ఆటో సడన్‌గా ఆగడంతో వెళ్లి గుద్దుకున్నాం. ఇన్సూరెన్స్‌లో బంపర్, గ్రిల్, కండెన్సర్ (గ్రిల్ వెనక ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) కొత్తవి వేశారు. ఇప్పుడు హైవే ఎక్కితే ఏసీ చల్లగా వస్తుంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఉత్త వేడి గాలి. షెడ్డు వాళ్లేమో గ్యాస్ తగ్గుంటుంది, టాప్ అప్ చేద్దాం అంటున్నారు. చేయించేయమంటారా?

ఏసీమెకానిక్_ఎల్బీనగర్:
ఆగండి సార్, గ్యాస్ సంగతి తర్వాత. నడిచేటప్పుడు చల్లగా, ఆగితే వేడిగా అంటే ముందు ఫ్యాన్‌నే అనుమానించాలి. బండి నడుస్తుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. ఏసీ వేసి బానెట్ ఎత్తండి. కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) టక్‌మని పట్టుకున్నాక ఫ్యాన్ తిరగాలి. తిరుగుతుంటే గ్రిల్‌కి ఒక కాగితం ముక్క ఆనించి చూడండి, లోపలికి లాక్కోవాలి. బయటికి నెడుతోందంటే వైర్లు తారుమారు చేశారన్నమాట. విరిగిన సాకెట్ కోసేసి, వైర్లు ముడేసి టేపు చుట్టేసే చోట ఇవి మామూలే.

కారుపిచ్చోడు:
నాకు ఫ్యాన్ బానే ఉంది కానీ కండెన్సర్‌కి అటూ ఇటూ ఉండే ప్లాస్టిక్ డిఫ్లెక్టర్లు వేయలేదు. అవి లేకపోతే బండి ఆగినప్పుడు రేడియేటర్ వేడి గాలి తిరిగి ముందుకే వస్తుంది. బిల్లులో మాత్రం వేసినట్టే రాశారు మహానుభావులు.

సూరీడు_కరీంనగర్:
నాది ఆటో క్లైమేట్ కారు, అంటే మనం పెట్టిన టెంపరేచర్‌కి ఏసీ తనే సర్దుకుంటుంది. రిపేర్ తర్వాత స్క్రీన్ మీద బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 చూపించింది, అదీ మే నెలలో కరీంనగర్‌లో! ఫ్యామిలీ గ్రూపులో పెడితే స్వెటర్ వేసుకోమన్నారు. గ్రిల్ వెనక ఉండే చిన్న సెన్సర్‌కి ప్లగ్ పెట్టడం మర్చిపోయారు. బయట అంత చలి అనుకుని సిస్టమ్ కంప్రెసర్‌ని ఆన్ చేయలేదు. ప్లగ్ పెట్టగానే సరి.

బెజవాడబాబు:
అన్నా, చూశాను. ఫ్యాన్ అసలు తిరగట్లేదు, సాకెట్ బంపర్ వెనక వేలాడుతోంది. ఇంకోటి, కండెన్సర్‌కి పైపు బిగించిన చోట జిడ్డుగా ఉంది, దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తోంది. ఇది కూడా టెన్షనేనా?

ఏసీమెకానిక్_ఎల్బీనగర్:
సాకెట్ పెట్టించండి. జిడ్డు కొత్తదైతే మాత్రం లీకే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంటుంది, లీకైన చోట అదే బయటికొస్తుంది. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో పోతున్నట్టే. అందుకే ఉత్త టాప్ అప్‌కి ఒప్పుకోకండి. పైపు జాయింట్‌లో ఉండే రబ్బరు రింగు (ఓ-రింగ్) పాతదే మళ్లీ వేశారేమో అడగండి. ఉన్న గ్యాస్ తీయించి, రింగు మార్పించి, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో చూడమనండి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. గ్యాస్ బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములే, తూకం వేసి ఎక్కించాలి. ఎక్కువైనా కూలింగ్ పడిపోతుంది. గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చారా? పైపులు విప్పి రోజుల తరబడి మూత పెట్టకుండా వదిలేస్తే అది గాల్లో తేమంతా పీల్చేసుకుంటుంది. కొన్ని బండ్లలో అది కండెన్సర్‌తోనే వస్తుంది.

గోదారిగట్టు:
డబ్బులు కట్టే ముందు ఇన్సూరెన్స్ సంగతి చూసుకోండి. ఏసీ గ్యాస్, ఆయిల్ కన్‌స్యూమబుల్స్ (రిపేర్‌లో వాడేసే చిల్లర సామాను) కిందికి వస్తాయి, ఆ కవర్ విడిగా తీసుకుని ఉండాలి, జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) ఒక్కటే ఉంటే చాలదు. ఇది రిపేర్‌లో లోపం కాబట్టి ముందు జాబ్ కార్డు మీద రాయించి, షెడ్డునే ఊరికే చేయమనండి. ఇంకేదైనా పార్టు దెబ్బతిన్నట్టు తేలితే విప్పకముందే నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి చెప్పండి.

బెజవాడబాబు:
కన్‌స్యూమబుల్స్ కవర్ ఉంది. రేపు పొద్దున్నే బండి తీసుకెళ్తున్నా, నురగ టెస్ట్ పక్కనే నిలబడి చేయిస్తా.