వీలాన్ 10 చేశాక రికార్డర్‌లో కెమెరాలన్నీ పోయాయి

అడిగినవారు, మిర్యాలగూడ:
అన్నలకు నమస్తే. మాది రైస్ మిల్లు. ఆఫీసులో ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లు కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె) ఉంది. 1లో ఇంటర్నెట్ రౌటర్, 2 నుంచి 4 దాకా బిల్లింగ్ కంప్యూటర్లు, 5, 6లో కెమెరాలు, 7లో ఆ బొమ్మలు దాచే రికార్డర్. 8 నుంచి కేబుల్ కాంటా రూముకు పోతుంది. కెమెరాలను ఆఫీసు నుంచి విడదీద్దామని 802.1క్యూ (డేటాకు నంబరు ట్యాగ్ వేసి వేరు చేసే పద్ధతి) పేజీలో వీలాన్ 10, అంటే అదే స్విచ్‌లో వేరుగా నడిచే నెట్‌వర్క్, చేసి 5, 6, 7 పోర్టులను అన్‌ట్యాగ్డ్‌గా (ట్యాగ్ లేకుండా) కలిపాను, మొదట అన్ని పోర్టులూ ఉండే వీలాన్ 1లో నుంచి తీసేశాను. అప్లై కొట్టగానే బొమ్మలన్నీ పోయాయి. పోర్టు లైట్లు మాత్రం మిణుకుమంటూనే ఉన్నాయి. ఐపీలు చేత్తో ఇచ్చినవే, మారలేదు. రాత్రికి వడ్ల లారీలు వస్తాయి, సేటు ఒకటే లొల్లి.

జవాబు, నల్గొండ:
పరేషాన్ కాకు తమ్ముడూ. పీవీఐడీ పేజీ తెరువు. 5, 6, 7 ఎదురుగా ఇంకా 1 అనే ఉంటుంది. మూడింటికీ 10 పెట్టు.

మీ గేటునే అనుకో. చిట్టీ లేని లారీ ఏ గేటులో వస్తే ఆ గేటు నంబరుతో చిట్టీ రాస్తారు. పీవీఐడీ ఆ నంబరే. కెమెరా పంపే ఫ్రేములకు, అంటే డేటా మూటలకు, చిట్టీ ఉండదు. 5వ పోర్టు పీవీఐడీ 1 కాబట్టి స్విచ్ వాటిని వీలాన్ 1 సరుకు అనుకుంటుంది. 5వ పోర్టు వీలాన్ 1లో లేదు కదా అని కొన్ని స్విచ్‌లు అక్కడే పారేస్తాయి, కొన్ని ఆఫీసు పోర్టుల వైపు వదులుతాయి. ఎటు చూసినా రికార్డర్‌కు చేరవు. నువ్వు టిక్ పెట్టిన సభ్యత్వం, బయటికి ఏ పోర్టు గుండా పోవచ్చో చెబుతుంది. లోపలికి వచ్చినదాన్ని ఏ వీలాన్‌లో వెయ్యాలో చెప్పేది పీవీఐడీ. ఈ రెండింటినీ వేర్వేరు పేజీల్లో పెట్టినవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు.

మిర్యాలగూడ:
వచ్చాయి అన్నా! కాంటా రూములో ఇంకో స్మార్ట్ స్విచ్ ఉంది. అక్కడ రెండు కెమెరాలు, కాంటా కంప్యూటర్. కేబుల్ ఒకటే. ఇదే స్విచ్‌లో ‘పోర్ట్ బేస్డ్ వీలాన్’ అని ఇంకో పేజీ ఉంది, అది వాడితే సులువా?

నల్గొండ:
ఒక్క స్విచ్ ఉంటే అదే సులువు. పోర్టులను గుంపులుగా విడగొడితే చాలు, పీవీఐడీ గోల ఉండదు. కానీ ఫ్రేమ్ మీద ఏ గుర్తూ పడదు కాబట్టి ఆ గుంపు నంబరు ఆ పెట్టెలోనే చెల్లుతుంది. రెండో స్విచ్ దాకా పోవాలంటే గుంపుకో కేబుల్ లాగాలి. నీకున్నది ఒక్కటే, 802.1క్యూలోనే ఉండు.

8వ పోర్టును వీలాన్ 10లో ట్యాగ్డ్‌గా కలుపు. వీలాన్ 1లో అన్‌ట్యాగ్డ్‌గానే ఉంచు, పీవీఐడీ 1. కాంటా రూములో ఈ కేబుల్ దిగిన పోర్టుకూ ఇదే సెట్టింగ్. అక్కడి కెమెరా పోర్టులు రెండూ వీలాన్ 10, అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10. వాటిని వీలాన్ 1లో నుంచి తియ్యడం మరువకు. ట్యాగ్ అంటే ఫ్రేములో చేరే 4 బైట్లు, అందులో వీలాన్ నంబరుకు 12 బిట్లు. అందుకే 1 నుంచి 4094 దాకా వాడుకోవచ్చు. పేరు కేబుల్ మీద పోదు, నంబరే పోతుంది. ఇక్కడ 10 పెట్టి అక్కడ 20 పెడితే కలవవు.

మహబూబ్‌నగర్:
ఒక మాట. నీ ల్యాప్‌టాప్ పెట్టిన పోర్టును మాత్రం ముట్టకు. నేను ఒక చోట ఆ పోర్టునే వేరే వీలాన్‌లోకి పంపి స్విచ్ పేజీలోకి మళ్లీ పోలేకపోయాను. చివరికి పిన్నుతో రీసెట్ నొక్కి అన్నీ మొదటి నుంచి కొట్టుకున్నా.

ఇంకోటి, దీనితో స్పీడు పెరుగుతుందనుకోకు. ఆ ఒక్క కేబుల్‌లో కెమెరాల బరువు, కాంటా బరువు ఇప్పటికీ కలిసే పోతాయి. ఆఫీసు బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ ఒకేసారి పంపే సందేశాలు) కెమెరాల దాకా పోవు, కెమెరా నుంచి బిల్లింగ్ కంప్యూటర్లోకి ఎవరూ తొంగిచూడలేరు, అంతే.

మిర్యాలగూడ:
కాంటా కెమెరాలు కూడా వచ్చాయి. కానీ సేటు ఫోన్‌లో కనపడట్లేదట.

నల్గొండ:
రౌటర్ వీలాన్ 1లో ఉంది, రికార్డర్ 10లో. మధ్యలో దారి చూపేవాడు లేడు. స్విచ్ ఆ పని చెయ్యదు. వీలాన్ తెలిసిన రౌటర్ తెచ్చి 1వ పోర్టును కూడా 10లో ట్యాగ్డ్ చేస్తే, 10 నుంచి ఇంటర్నెట్‌కు వదిలి ఆఫీసు వైపు ఆపమని రౌటర్‌లో రూల్ రాసుకోవచ్చు. అది వచ్చేదాకా సేటును రికార్డర్ ముందే కుర్చీ వేసుకోమను.