ఎక్స్ఛేంజ్ ప్యాకెట్ మళ్లీ తిప్పాలి: ఖాళీ గళ్లకు పూచీ ఎవరిది?

బెజవాడ బిళ్లలు:

మాది పద్నాలుగు మంది ఉన్న చిన్న స్టాంపుల సంఘం. తొమ్మిది మంది విజయవాడ, ముగ్గురు గుంటూరు, తెనాలి నుంచి ఒకరు, గుడివాడ నుంచి ఒకరు. నెలకో ఆదివారం కలుస్తాం. సభ్యులు అమ్మదలచిన స్టాంపుల్ని బుక్‌లెట్లలో పెట్టి ఇంటింటికీ తిప్పే ప్యాకెట్ ఒకటి నడిచేది, ఆగిపోయింది. మళ్లీ మొదలెడదామని సగం మంది, వేలంపాట చాలని మిగతా సగం.

ఆగడానికి కారణాలు మూడు. ఆఖరి రౌండులో ఆరు గళ్లు (ఒక్కో స్టాంపు అతికించే చోట్లు) ఖాళీగా వచ్చాయి, కొన్నవారు పెట్టాల్సిన సంతకాలు లేవు, రూ.340 విలువ. ఎవరి దగ్గర పోయాయో తేలలేదు. ఆగస్టులో తిరిగిన బుక్‌లెట్లలో మింట్ (వాడని, వెనక జిగురు ఉన్న) స్టాంపులు పేజీకి కరుచుకుపోయాయి. ఇక కేటలాగు (స్టాంపుల ధరల పుస్తకం) రేటు ఉన్నదున్నట్టు వేసిన బుక్‌లెట్లు ఊరంతా తిరిగి ఎలా వెళ్లాయో అలాగే వెనక్కొచ్చాయి.

ఎన్ని బుక్‌లెట్లు పెట్టాలి, ఒకరి దగ్గర ఎన్నాళ్లు ఉంచాలి, పోయినదానికి ఎవరు కట్టాలి, వానాకాలం ఏం చేయాలి? ఇంకో సంగతి, నలుగురు స్కూలు పిల్లలు చేరతామంటున్నారు. వాళ్లనీ ఇందులోనే కలపొచ్చా?

గవర్నర్‌పేట గమ్:

ముందు ఖాళీ గడి సంగతి తేలిస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

ప్యాకెట్ చేతికి రాగానే, కొనడానికి కాదు, ముందు ఖాళీల కోసం ప్రతి బుక్‌లెట్టూ తిరగేయాలి. గుర్తు లేని ఖాళీ కనబడితే ఆ రోజే ఫోటో తీసి ప్యాకెట్ చూసే కార్యదర్శికి పంపాలి. పంపితే పూచీ తనకు ముందు ఉంచుకున్నవారిది. పంపకుండా తరవాతివారికి దాటిస్తే పూచీ తనది. ఈ ఒక్క నియమం రాతపూర్వకంగా ఉండి, అందరూ సంతకం చేసి ఉంటే మీ 340 రూపాయల తగాదా పుట్టేదే కాదు. దొంగ ఎవరో పట్టుకోవడం దీని పని కాదు. చూసుకోవడం ఎవరి వంతో తేల్చడమే. నిజానికి సగం ఖాళీలు దొంగతనాలు కావు, హింజ్ (స్టాంపును పేజీకి అతికించే చిన్న జిగురు కాగితం) సరిగా అతకక జారి కవరు అడుగున పడినవే. అందుకే కవరు దులపకుండా పారేయొద్దని ప్యాకెట్‌తో వెళ్లే స్లిప్పు మీదే రాయండి.

పొట్టి సంతకాలు వద్దు. 1 నుంచి 14 దాకా సభ్యుల నంబర్లతో చిన్న రబ్బరు ముద్రలు చేయించండి. కొన్న స్టాంపు తీశాక ఆ గడిలోనే ముద్ర పడాలి, కింద రాసిన ధర కొట్టేయకూడదు. ఇంకు ఆరేదాకా బుక్‌లెట్ మూయకూడదు.

బుక్‌లెట్ ఏ5 సైజు, 100 జీఎస్ఎం కాగితం, పది ఆకులు, మధ్యలో పిన్ను. పేజీకి 12 గళ్లు, అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. స్టాంపులు కుడి పేజీలోనే పెట్టాలి. రెండు వైపులా పెడితే ఎదురెదురు స్టాంపుల పళ్లు (అంచుల మీది రంపపు మొనలు) ఒకదాన్నొకటి లాగి మూలలు విరుగుతాయి. గడి కింద కేటలాగు నంబరు, ధర, లోపం ఉంటే ఒక్క మాటలో: వెనక పల్చన, మడత, పన్ను తక్కువ, తుప్పు మచ్చ.

మీ సంఖ్యకు ప్యాకెట్‌కి పది బుక్‌లెట్లు, బుక్‌లెట్ విలువ రూ.500 దాటకుండా చాలు. అంటే ఎప్పుడు చూసినా రోడ్డు మీద ఉన్న సరుకు ఐదు వేల లోపే. ఒకరి దగ్గర నాలుగు రోజులు. పద్నాలుగు ఇళ్లకు 56 రోజులు. వారం ఇస్తే మూడు నెలలు దాటుతుంది, అందరికీ ఆసక్తి చచ్చిపోతుంది. వరస ప్రతిసారీ మార్చండి. ఈసారి మొదట చూసినవారు వచ్చేసారి ఆఖరు. లేకపోతే మంచివన్నీ ఆ ముగ్గురికే పోతున్నాయనే గొణుగుడు మొదలవుతుంది, అది న్యాయమైన గొణుగుడే.

అమ్మినదానిపై పది శాతం సంఘానికి. అందులో ఏడు ఖర్చులకు, మూడు నష్టనిధికి. ఎవరి తప్పో తేలని నష్టం ఈ నిధి నుంచి కట్టాలి.

గుంటూరు దాకా చేతికి చేతే నయం, బస్సులో గంట ప్రయాణం. గుడివాడ, తెనాలి పోస్టులో అయితే స్పీడ్ పోస్టే. విడిగా రిజిస్టర్డ్ పోస్టు అని ఇప్పుడు లేదు, 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. బుక్‌లెట్లను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆపైన కవరు. రబ్బరు బ్యాండు వేయొద్దు, అంచులు వంగుతాయి, ఎండకు కరిగి అంటుకుంటుంది కూడా.

బ్రాడీపేట టాంగ్స్:

పై లెక్కలన్నీ సరైనవే. కానీ పద్నాలుగు మందికి, అందులో పన్నెండు మంది నెలనెలా కలిసేచోట ప్యాకెట్ ఎందుకండీ? దూరదూరాన ఉన్నవాళ్ల కోసం పుట్టిన పద్ధతి అది. మీకు వేలమే సరిపోతుంది.

నెలకు నలభై లాట్లు (ఒక్కో పాటకు పెట్టే సరుకు), మనిషికి ఐదుకు మించకుండా. మీటింగుకు వారం ముందు జాబితా, ఫోటోలు వాట్సాప్‌లో. ఆ రోజు మొదటి అరగంట చూసుకోవడానికి. ఆపైన లాటుకు నిమిషం పెట్టుకున్నా గంటలోపు అయిపోతుంది. పాట మెట్లు ముందే చెప్పాలి: రూ.100 దాకా ఐదేసి, 100 నుంచి 500 దాకా ఇరవయ్యేసి, ఆపైన యాభయ్యేసి. రాలేనివారు తమ గరిష్ఠ ధర కార్యదర్శికి రాసి పంపొచ్చు. అయితే వాళ్లు మొత్తం కట్టక్కర్లేదు. రెండో పాట ఎంత దగ్గర ఆగిందో దానికి ఒక మెట్టు పైన కడితే చాలు. ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే ఎవరూ నిజమైన గరిష్ఠం రాయరు. డబ్బు ఆ రోజే. జాబితాలో చెప్పని లోపం బయటపడితే ఏడు రోజుల్లో వాపసు.

కార్యదర్శి లాట్లు ఉంటే ఆ లాట్ల పాట వేరేవారు నడపాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సంఘాలు విడిపోయేది ఇలాంటి వాటి దగ్గరే.

గవర్నర్‌పేట గమ్:

ఒప్పుకుంటాను, పెద్దవాటికి వేలమే. కానీ ఐదు, పది రూపాయల స్టాంపు లాటుగా పెడితే ఎవరూ నోరు తెరవరు. సేకరణలో ఖాళీలు నిండేది ఆ చిల్లరతోనే, అది నింపాదిగా ఇంట్లో ఆల్బమ్ పక్కన పెట్టుకుని చూసుకోవాల్సిన సరుకు. రూ.100 లోపు ప్యాకెట్‌లో, పైవి వేలంలో అని గీత గీయండి. ప్యాకెట్‌లో మిగిలిపోయినవి బుక్‌లెట్లుగానే వేలానికి పెట్టొచ్చు.

కృష్ణలంక చెమ్మ:

మింట్ కరుచుకోవడానికి కారణం ప్యాకెట్ కాదు, కాలం. గాలిలో తేమ 65 శాతం దాటితే జిగురు మెత్తబడుతుంది, బూజుకూ దారి దొరుకుతుంది. ఒక పక్క కృష్ణ, ఊరి మధ్య బందరు, ఏలూరు, రైవస్ కాలవలు. జూలై నుంచి నవంబరు దాకా ఆ అంకె కిందికి రావడమే అరుదు. కాబట్టి ఆ ఐదు నెలలు ప్యాకెట్‌లో యూజ్డ్ (పోస్టాఫీసు ముద్ర పడినవి) మాత్రమే తిప్పండి. మింట్ డిసెంబరు నుంచి. మింట్‌కు హింజ్ వాడకూడదు, జిగురు మీద మచ్చ పడితే విలువ పోతుంది. పాలిప్రొపిలీన్ లేక పాలియెస్టర్ మౌంట్లు (స్టాంపు దూర్చే చిన్న తొడుగులు) కావాలి. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు నూనె కక్కి స్టాంపు రంగు పీల్చేస్తాయి, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటే అదే గుర్తు.

ప్యాకెట్ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఓ యాభై గ్రాముల సిలికా జెల్ పొట్లంతో, బుక్‌లెట్లు నిలువుగా పెట్టాలి. పడుకోబెట్టి పైన బరువు పెడితే కరుచుకోవడానికి మీరే సాయం చేసినట్టు. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే నిండినట్టు. 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, వంట మూకుడు, వంట ఓవెన్ రెండూ వద్దు. నారింజ రంగుది కొనుక్కుంటే ఆ బాధ లేదు.

ఏసీ గదిలోంచి తీసి వెంటనే బయట విప్పొద్దు, చల్లని కాగితం మీద తేమ పడుతుంది. సంచి మూసే అరగంట ఉంచి అప్పుడు తెరవాలి. బాత్రూం గోడను ఆనుకున్న బీరువా, నేల మీది అర పనికిరావు. జిగురు కోసం సిల్వర్‌ఫిష్ పురుగులొస్తాయని నాఫ్తలిన్ ఉండలు వేస్తుంటారు, డబ్బా లోపల మాత్రం వేయకండి. తరచూ తెరిచి చూడటమే దానికి మందు.

బెజవాడ బిళ్లలు:

బాగుంది, నియమాలు రాసుకుంటున్నాను. ఇప్పటికే కరుచుకుపోయినవి ఇరవై దాకా ఉన్నాయి. పేజీతో సహా నీళ్లలో వేయడమేనా?

కృష్ణలంక చెమ్మ:

నీళ్లలో వేస్తే జిగురు మొత్తం పోతుంది, అప్పుడు అది మింట్ కాదు. చెమట డబ్బా చేసి చూడండి. మూత ఉన్న డబ్బా అడుగున పిండేసిన తడి స్పాంజి, దానిమీద ప్లాస్టిక్ జాలీ, ఆపైన పేజీ ముక్క, స్టాంపు పైకి ఉండేలా. నీటి చుక్క ఎక్కడా తగలకూడదు. రెండు గంటలకోసారి మూల లేస్తుందేమో టాంగ్స్‌తో (స్టాంపుల పట్టకారుతో) మెల్లగా చూడండి, లాగొద్దు. కొన్ని రెండు గంటల్లో వస్తాయి, కొన్నిటికి రాత్రంతా పడుతుంది. వచ్చాక జిగురు వైపు పైకి పెట్టి ఆరనివ్వాలి, ఆరేదాకా దేనికీ ఆనించకూడదు. జిగురు మెరుపు పోతుంది, అది తప్పదు. అమ్మేటప్పుడు 'జిగురు చెదిరింది' అని రాయాల్సిందే.

యూజ్డ్ అయితే గోరువెచ్చని నీళ్లలో పావుగంట, ముఖం కిందికి పెట్టి తెల్ల బ్లాటింగ్ మీద ఆరబెట్టడం, తరవాత ఒక రాత్రి బరువు కింద. న్యూస్‌పేపర్ వద్దు, సిరా దిగుతుంది. ఎర్ర, పచ్చ కవర్ల మీద ముక్కలు విడిగా నానబెట్టండి, ఒక్క ముక్క చాలు గిన్నెలో అన్నిటికీ రంగు పట్టించడానికి. ఊదా రంగు ముద్ర పడినవీ అంతే, ఇంకు కరుగుతుంది. స్టిక్కర్ రకం స్టాంపులు నీళ్లకు లొంగకపోవచ్చు, కాగితంతో సహా చుట్టూ కత్తిరించి ఉంచుకోవడం మేలు.

వన్‌టౌన్ వాటర్‌మార్క్:

ధరల గురించి ఎవరూ చెప్పలేదు. కేటలాగు రేటు అంటే వ్యాపారి అమ్మే రేటు, నిఖార్సైన నమూనాకు. అందులో చిన్న విలువల దగ్గర కనిపించేది స్టాంపు వెల కూడా కాదు, వెతికి తీసిచ్చినందుకు కూలి. సభ్యుల మధ్య బాగున్నదానికి కేటలాగులో మూడో వంతు నుంచి సగం, పోస్టాఫీసు ముద్ర మరీ నల్లగా పడినదానికి పదో వంతు. లోపం ఉన్నదాన్ని అరుదైనదైతేనే పెట్టండి. ఏ కేటలాగు, ఏ సంవత్సరం అనేది సంఘం మొత్తానికి ఒకటే ఉండాలి. ఒకరు స్టాన్లీ గిబ్బన్స్ నంబరు, ఇంకొకరు మరో కేటలాగైన ఫిలా నంబరు వేస్తే కొనేవారికి తలనొప్పి.

పోవడం కన్నా మారిపోవడం పెద్ద సమస్య. మంచిది తీసి అదే బొమ్మ ఉన్న నాసిది పెడితే గడి ఖాళీగా ఉండదు, పై నియమం దాన్ని పట్టుకోలేదు. రౌండు మొదలయ్యే ముందు ప్రతి పేజీ 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేయండి. యూజ్డ్‌లో ముద్ర పడిన తీరు వేలిముద్ర లాంటిది, రెండిటికి ఒకేలా ఉండదు. మింట్‌లో మూలల పళ్లు, బొమ్మ చుట్టూ అంచుల వెడల్పు సరిచూడాలి.

కావాలని చేయకపోయినా తప్పు నంబరు కింద అమ్ముడయ్యేవి ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పటి దేశపటం సిరీస్ చూడండి. మొదటివాటికి నక్షత్రాల వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడే గుర్తు), 1958 నుంచి వచ్చినవాటికి అశోక స్తంభం. బొమ్మ ఒకటే, నంబరు వేరు. నల్ల టైలు మీద ముఖం కిందికి పెట్టి ఏటవాలు వెలుగులో చూస్తే చాలావాటికి కనిపిస్తుంది. పెట్రోలు జాతి ద్రవాలు పోసి చూడటం మీటింగు గదిలో వద్దు, నిప్పంటుకుంటాయి. ఫొటోగ్రావ్యూర్ (సన్న గుంటలు చెక్కిన పలకతో అచ్చువేసే పద్ధతి) స్టాంపుల రంగు కూడా కొన్నిటికి కరుగుతుంది.

1948 గాంధీ పది రూపాయలది మాత్రం ప్యాకెట్‌లోకి రానివ్వకండి. నకళ్లు ఎక్కువ. అసలుది స్విట్జర్లాండ్‌లో కూర్వోయిసియే అచ్చువేసిన ఫొటోగ్రావ్యూర్, పళ్లు 11½, అంటే రెండు సెంటీమీటర్లలో పదకొండున్నర. పది రెట్ల భూతద్దంలో రంగు చుక్కలు విడివిడిగా గుంపులు కట్టి కనిపిస్తే ఆఫ్‌సెట్ నకలు. అసలుదేనని నిపుణులిచ్చే సర్టిఫికెట్ లేకపోతే వేలంలో 'ఉన్నది ఉన్నట్టు' అని కూడా పెట్టొద్దు.

కొత్తపేట కవర్లు:

పిల్లల్ని పెద్దల ప్యాకెట్‌లో కలపకండి. వాళ్లకు విడిగా ఒక బుక్‌లెట్, స్టాంపు రూపాయి నుంచి ఐదు లోపు, మీటింగులోనే తిప్పాలి, ఇంటికి పంపకూడదు. సైజును బట్టి కాకుండా విషయాన్ని బట్టి పెట్టండి. 1975 నాట్యాల సిరీస్‌లో కూచిపూడి, 1972లో వచ్చిన ప్రకాశం పంతులు గారు, 1986లో అల్లూరి, 2009లో పింగళి వెంకయ్య గారు: ఈ నాలుగూ ఒక పేజీలో ఉంటే పేజీ తిప్పమని మనం చెప్పక్కర్లేదు.

6 నుంచి 9 తరగతుల వాళ్లయితే తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన చూడండి, ఏడాదికి రూ.6,000 స్కాలర్‌షిప్. స్కూల్లో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బు సభ్యత్వం ఉండాలి, క్లబ్బు లేకపోతే సొంత ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్ (కొత్త స్టాంపులు తెప్పించుకునే తపాలా ఖాతా) చాలు. హెడ్ పోస్టాఫీసులో రూ.200తో తెరవొచ్చు. మొదట రాత పరీక్ష, నెగ్గినవాళ్లకు స్టాంపుల మీద ప్రాజెక్టు, 16 స్టాంపులు, 500 మాటలకు మించకుండా. ఇంటర్నెట్‌లో తీసిన సమాచారం మధ్య స్టాంపులు అతికించడమే అందరూ చేసే తప్పు. స్టాంపు మీద ఏముందో దాని గురించే రాయించండి. టాంగ్స్ పట్టుకోవడం ముందు చిల్లర స్టాంపుల మీద నేర్పండి, మొన వెడల్పుగా ఉన్నవే కొనండి, సూది మొనవి పిల్లల చేతిలో స్టాంపును పొడుస్తాయి.