ఫాస్ట్ రియాక్టర్‌లో స్టీల్‌ని ముందు పాడుచేసేది ఏది? సెమినార్‌కి సాయం కావాలి

గాజువాక_మెటలర్జీ:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో మెటలర్జీ ఎంటెక్ చదువుతున్నాను, వచ్చే నెల సెమినార్ ఉంది, టాపిక్ కొత్త తరం అణు రియాక్టర్లలో లోహాలు ఎలా పాడవుతాయి అని. ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకి లోహం పాడవడం అంటే ముందు ఉప్పుగాలే గుర్తొస్తుంది, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్లు ఎంత తొందరగా తుప్పు తినేస్తాయో చూస్తూనే ఉంటాం. ద్రవ సోడియంతో చల్లబరిచే ఫాస్ట్ రియాక్టర్‌లో కూడా తుప్పేనా ముఖ్యం? మా గైడ్ మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు: "ఫాస్ట్ రియాక్టర్‌లో ఇంధనం ఇంకా మిగిలుండగానే దాన్ని ఎందుకు బయటికి తీసేస్తారు?" దీనికి జవాబు తెలిస్తే సెమినార్ సగం అయినట్టే అన్నారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాత_లోహకారుడు:
బాబూ, మీ మేడమ్ సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. ముందు సోడియం సంగతి చెప్తాను. గాలి, నీళ్ళు తగిలితేనే దాంతో ప్రమాదం. అందులో ఆక్సిజన్‌ని కొద్ది పీపీఎంలకి మించకుండా చూస్తే, సోడియాన్ని చల్లబరిచి మలినాల్ని పట్టేసే కోల్డ్ ట్రాప్ ఉండేది అందుకే, స్టెయిన్‌లెస్ స్టీల్‌ని అది పెద్దగా తినదు. కల్పాక్కంలోని పీఎఫ్‌బీఆర్ అనే ఫాస్ట్ రియాక్టర్ డిజైన్‌లో సోడియం 397 డిగ్రీల దగ్గర కోర్‌లోకి, అంటే ఇంధనం ఉండే మధ్యభాగంలోకి వెళ్ళి 547 దగ్గర బయటికొస్తుంది, మరిగేది 883 దగ్గర, కాబట్టి దాన్ని ద్రవంగా ఉంచడానికి ఎక్కువ ప్రెషర్ కూడా అక్కర్లేదు.

దెబ్బ కొట్టేది న్యూట్రాన్లు. ఫాస్ట్ రియాక్టర్‌లో వాటి వేగం పెద్దగా తగ్గదు, వచ్చి స్టీల్‌లోని పరమాణువుల్ని వాటి చోటు నుంచి తన్నేస్తాయి. దీన్ని డీపీఏలో కొలుస్తారు, ఒక డీపీఏ అంటే సగటున ప్రతి పరమాణువూ ఒకసారి చోటు కదిలినట్టు. మామూలు నీటి రియాక్టర్ ప్రెషర్ వెసెల్ గోడ తన జీవితం మొత్తంలో చూసేది ఒక డీపీఏలో చిన్న వంతు, అదే ఫాస్ట్ రియాక్టర్‌లో ఇంధనం చుట్టూ ఉండే గొట్టం, అంటే క్లాడింగ్, కొన్నేళ్ళలోనే 100 దగ్గరికి పోగలదు. కదిలిన పరమాణువుల్లో ఎక్కువభాగం వెంటనే సర్దుకుంటాయి. మిగిలిపోయిన ఖాళీలే ఒకచోట చేరి సూక్ష్మమైన బొరియలవుతాయి, దాంతో స్టీల్ లోపలినుంచి ఉబ్బుతుంది. స్కాట్లాండ్‌లో డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో వాడిన స్టీల్‌లో కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు ఈ బొరియల్ని చూసి 1967లో ప్రకటించారు.

316 లాంటి ఆస్టెనిటిక్ స్టీల్‌లో, అంటే నికెల్ బాగా కలిసిన స్టెయిన్‌లెస్ రకంలో, ఇంకో ఇబ్బంది ఉంది. కొంతకాలం ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ దశ దాటాక ఒక్కో డీపీఏకి దాదాపు 1 శాతం చొప్పున ఉబ్బుకుంటూ పోతుంది. అది కూడా అన్నివైపులా సమానంగా ఉబ్బదు, న్యూట్రాన్లు ఎక్కువ తగిలిన వైపు ఎక్కువ. ఇంధన కడ్డీల కట్ట చుట్టూ ఉండే ఆరు పలకల డబ్బా వంగి పక్కదానికి ఒరుసుకుంటుంది, మధ్యలో సోడియం పారే సందు తగ్గుతుంది, బయటికి లాగడం కష్టమవుతుంది. అందుకే లోపల ఇంధనం ఉన్నా తీసేస్తారు. మేడమ్ అడిగినదానికి జవాబు ఇదే.

దీనికోసమే డీ9 అనే స్టీల్ వచ్చింది, 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్, కొంచెం టైటానియం, పైగా 20 శాతం కోల్డ్ వర్క్, అంటే వేడి చేయకుండానే సాగదీసి గట్టిపరచడం. ఉబ్బు మొదలయ్యే సమయాన్ని అది వెనక్కి నెడుతుంది అంతే, పూర్తిగా ఆపదు. 9 శాతం క్రోమియం ఉండే ఫెర్రిటిక్ మార్టెన్సిటిక్ స్టీల్ చాలా తక్కువ ఉబ్బుతుంది, కానీ 600 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి క్రీప్, అంటే వేడిలో బరువుకి మెల్లగా సాగిపోవడం, తట్టుకోలేదు, తక్కువ వేడిలో రేడియేషన్ తగిలితే పెళుసుబారుతుంది. వేడికి బలం నిలవడానికి యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) రేణువులు కలిపిన ఓడీఎస్ స్టీల్ మీద చాలా దేశాలు ఎందుకు కూర్చున్నాయో దీన్నిబట్టి చూడు.

సింహాచలం_సాల్ట్:
పైన సార్ చెప్పింది సోడియానికి. మోల్టెన్ సాల్ట్ రియాక్టర్‌కి, అంటే ఇంధనాన్ని కరిగిన ఉప్పులో కలిపి నడిపేదానికి, వచ్చేసరికి తుప్పు నిజంగానే ముందుకొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కాపాడేది పైన ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర కదా, వేడి ఫ్లోరైడ్ సాల్ట్‌లో ఆ పొర నిలవదు, ముందు క్రోమియమే కరిగి పోతుంది. అందుకే అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్ళు నికెల్ ఎక్కువగా, క్రోమియం 7 శాతం దగ్గరే పెట్టి హాస్టెలాయ్ ఎన్ అనే మిశ్రమలోహం తయారు చేసుకున్నారు. 1965 నుంచి 1969 దాకా వాళ్ళ ప్రయోగ రియాక్టర్ దాదాపు 650 డిగ్రీల దగ్గర నడిచింది, తుప్పు తక్కువే. కానీ ఫిషన్‌లో పుట్టిన టెల్లూరియం గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) హద్దుల్లోకి దూరి, సాల్ట్ తగిలిన పైపొరలో సన్నటి పగుళ్ళు తెచ్చింది. ఉత్త సాల్ట్‌లో లోహం ముక్క ముంచి ఎన్నేళ్ళు ఉంచినా ఈ టెల్లూరియం సంగతి బయటపడదు. సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు తమ్ముడూ.

వెల్డింగ్_ఇన్‌స్పెక్టర్_వైజాగ్:
నేను ఓడల వైపు వెల్డ్‌లు చెక్ చేస్తాను, రియాక్టర్ పని కాదు, కానీ ఈ విషయం మీద మక్కువతో చదువుతాను. కోర్ బయట జరిగిన గొడవలు చూడండి. ఫ్రాన్స్‌లో సూపర్‌ఫీనిక్స్ అనే ఫాస్ట్ రియాక్టర్‌లో ఇంధనం దాచే ట్యాంకు 1987లో కారింది, దానికి వాడిన స్టీల్ రకమే పగుళ్ళకి లొంగింది. జపాన్‌లో మొంజు అనే ఫాస్ట్ రియాక్టర్‌లో 1995 డిసెంబర్‌లో, సోడియం ప్రవాహానికి థర్మామీటర్ గొట్టం ఊగి ఊగి ఫెటీగ్‌తో విరిగింది, అక్కడినుంచి సోడియం బయటికొచ్చి మండింది. ఈ రెండింట్లోనూ న్యూట్రాన్ల పాత్ర లేదు. కాబట్టి కోర్ ఒక్కటే చెప్పి ఆపేయకండి ప్లీజ్.

గాజువాక_మెటలర్జీ:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇంకొక్కటి. 100 డీపీఏ రావడానికి ఏళ్ళు పడితే కొత్త స్టీల్‌ని పరీక్షించేది ఎలా? అయాన్ బీమ్‌తో, అంటే వేగంగా వచ్చే అయాన్లతో స్టీల్‌ని కొట్టి, కొద్ది రోజుల్లోనే అయిపోతుందని ఒక పేపర్‌లో చూశాను.

పాత_లోహకారుడు:
అవుతుంది, కానీ అయాన్ దెబ్బ పైనుంచి కొద్ది మైక్రాన్ల లోతుకే పోతుంది, ఆ పల్చటి పొరతో మామూలు తన్యత (లాగి బలం చూసే) పరీక్ష కూడా చేయలేవు. దెబ్బల వేగం కూడా రియాక్టర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, ఉబ్బు గరిష్ఠంగా ఉండే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. రియాక్టర్‌లో నికెల్ మీద న్యూట్రాన్లు పడి హీలియం పుడుతుంది, అది బొరియలకి ఊతమిస్తుంది, గ్రెయిన్ హద్దుల్ని బలహీనపరుస్తుంది, ఒట్టి ఇనుప అయాన్లతో కొడితే ఆ హీలియం ఉండదు. అందుకే కొన్నిచోట్ల రెండు మూడు బీమ్‌లు కలిపి కొడతారు. నీ పేపర్‌లో గ్రాఫ్ కింద ఉష్ణోగ్రత, డోస్ రేట్ (దెబ్బల వేగం), హీలియం కలిపారా లేదా అనేవి చూసుకో, ఆ మూడూ రాసి ఉంటేనే స్లైడ్‌లో పెట్టు.