కాస్త డబ్బు చేతికొచ్చింది: ఫ్రిజ్ మార్చాలా, పరుపు కొనాలా?

అనుకోకుండా బోనస్ వచ్చింది. పెద్ద మొత్తమేం కాదు, రోజూ వాడే వస్తువు ఒక్కటి మంచిది కొనొచ్చు, రెండు కొంటే రెండూ నాసిరకమే. పరుపు మధ్యలో గుంత పడి పొద్దున లేవగానే నడుము పట్టేస్తోంది, తిప్పి వేసినా కింద ప్లైవుడ్ పెట్టినా లాభం లేదు. ఫ్రిజ్ 12 ఏళ్లది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, లోపల 4 డిగ్రీలు ఉండాల్సింది థర్మామీటర్ 9 చూపిస్తోంది. తలుపు రబ్బరు మార్పించాను, వెనక కాయిల్ మీద దుమ్ము దులిపాను, గోడకి దూరంగా జరిపాను, అయినా అంతే. గ్యాస్ నింపితే చాలంటున్నాడు మెకానిక్, లీకు ఎక్కడుందో చూడకుండా నింపితే మళ్లీ పోదా అని నా అనుమానం. అది నిలబడేలా ఉంటే హాయిగా పరుపు కొనేస్తాను. ఇంత పాత ఫ్రిజ్‌కి లీకు సరిచేయించి గ్యాస్ నింపించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఆ తర్వాత ఎన్నాళ్లు పనిచేసింది?