అప్‌డేట్: షూటర్ గేమ్‌లో ఓడ దానంతటదే ఎడమకి జారుతోందని అడిగాను కదా, తీరింది

చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌లో రెండు స్టిక్‌ల (బొటనవేళ్లతో కదిపే చిన్న మీటల) షూటర్ ఆడుతుంటే, వేలు తీసేసినా ఓడ ఎడమవైపు జారిపోతోందని మూడు వారాల క్రితం అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

గేమ్ తీసేసి మళ్లీ వేయడం, మెమరీ కార్డ్ మార్చడం: ఈ రెండింటికీ దీనితో సంబంధమే లేదు. కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానం ఏదో కన్సోల్‌కి మళ్లీ నేర్పడం) చేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. డెడ్ జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా కన్సోల్ పట్టించుకోని మధ్య భాగం) పెంచితే జారడం ఆగింది కానీ, స్టిక్‌ని కొంచెం కదిపితే ఓడ కదలదు. 1982 నాటి రోబోట్రాన్ గేమ్ నుంచీ ఈ రకం గేమ్‌లలో అన్ని వైపుల నుంచీ శత్రువులు మీదపడుతుంటే, ఒక చేత్తో తప్పించుకుంటూ ఇంకో చేత్తో కాల్చాలి. సందులోంచి దూరాలంటే ఆ చిన్న కదలికే ప్రాణం.

చివరికి రిపేర్ షాపులో విప్పి చూపించారు. స్టిక్ ఎటు కదిలిందో పసిగట్టే లోపలి కార్బన్ పట్టీ ఒకచోట గీతలా అరిగిపోయి, చుట్టూ నల్లటి పొడి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే దుమ్ము పోతుంది గానీ, అరిగింది తిరిగి రాదన్నారు. అందుకే మీలో ఒకరు చెప్పినట్టు హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించాను. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, అక్కడ రాపిడి ఉండదు. మీ మోడల్‌కి దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి. వేయించాక కాలిబ్రేట్ చేయడం మర్చిపోవద్దు.

నిన్న రాత్రి ఓడని తెర మధ్యలో వదిలేసి చూశాను. కదల్లేదు.