ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు చెప్పిన నంబర్లకు ఫోన్ చేయొచ్చా?

ప్రశ్న:
మంచాన పడ్డ అమ్మనో నాన్ననో ఇంట్లో ఒక్కరే చూసుకునేవాళ్ల మీద నా థీసిస్. ఇలాంటివాళ్ల జాబితా ఎక్కడా దొరకదు కాబట్టి, మాట్లాడినవాళ్లనే "మీకు తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా" అని అడుగుతూ పోతున్నా. 14 ఇంటర్వ్యూలు అయ్యాయి, అందులో 9 ఒకే ఆవిడ ద్వారా వచ్చినవి. మొన్న ఆవిడే ఫోన్ తీసి, కళ్లజోడు పైకి జరుపుకుని మూడు నంబర్లు చదివేసింది, నేనూ గబగబా నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసేసుకున్నా. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. గైడ్ మాత్రం "స్నోబాల్ శాంప్లింగ్ (ఇలా ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకునే పద్ధతి) అని రాసెయ్, సరిపోతుంది" అంటున్నారు.

జవాబు 1:
చేయకండి. ఆ ముగ్గురూ తమ సంగతి మీకు చెప్పమని ఎవరినీ అడగలేదు. మీ నంబర్, పరిశోధన దేని గురించో నాలుగు ముక్కలు రాసి ఆవిడకే పంపండి, ఇష్టమున్నవాళ్లు వాళ్లే ఫోన్ చేస్తారు. తక్కువమందే చేస్తారు, అది నిజమే. ఎవరు చేశారో ఆవిడకు చెప్పొద్దు. అడుగుతుంది, చూడండి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన దరఖాస్తులో ఈ పద్ధతి రాయకపోతే ముందు ఆ పని చూసుకోండి.

జవాబు 2:
నాకైతే ఆ 9 దగ్గరే అనుమానం. అది ఒక స్నేహబృందం కథ అయిపోతుంది. పైగా గడప దాటే వీలే లేనివాళ్లు, పలకరించే మనిషే లేనివాళ్లు ఈ గొలుసులోకి ఎప్పటికీ రారు, మీ థీసిస్‌కి అసలు కావాల్సింది వాళ్లేనేమో! ఫిజియోథెరపిస్టులు, ఇళ్లకు వెళ్లే నర్సుల ద్వారా మీ వివరాలు పంపి వేరే గొలుసులు మొదలుపెట్టండి. 1997లో హెకథార్న్ అనే సోషియాలజిస్ట్ చెప్పిన పద్ధతిలో మనిషికి ఇన్నే అని కూపన్లు ఇస్తారు, సాధారణంగా మూడు. ఎవరి కూపన్‌తో ఎవరొచ్చారో రాసుకుంటారు, అలాంటివాళ్లు మీకెంతమంది తెలుసని కూడా అడుగుతారు, ఎందుకంటే పరిచయాలు ఎక్కువున్నవాళ్లు శాంపిల్‌లో పడే అవకాశం ఎక్కువ, లెక్కల్లో దాన్ని సరిచేయాలి. మీకు ఆ లెక్కలు అక్కర్లేదు గానీ పరిమితి, రికార్డు రెండూ పెట్టుకోండి.

జవాబు 3:
ఆ కూపన్ల పద్ధతిలో మనిషిని తెచ్చినందుకు కూడా డబ్బిస్తారు, జాగ్రత్త. నేనిచ్చా. వారం తిరక్కుండా ఒకాయన ఇద్దరిని తెచ్చాడు, తీరా కూర్చోబెట్టి అడిగితే వాళ్ల ఇళ్లలో మంచాన ఉన్నవాళ్లే లేరు.

ప్రశ్న అడిగినవారు:
ఆఖరి పేజీ చింపేశా. ఆవిడకు మెసేజ్ పంపి గంట కాలేదు, "ముగ్గురిలో ఎవరు చేశారమ్మా?" అని అప్పుడే అడిగింది.